కాలరు కొలత

టెక్కలి బస్టాండు ఎదురు సందులో
నా మిషను చప్పుడుకి ఇరవయ్యారేళ్లు.
డిపో ఖాకీ అంతా నా చేతి మీదుగానే పోతుంది.
డ్రైవర్ల పొట్టలు ఏటేటా ఎంత పెరిగాయో
వాళ్ల పెళ్లాల కన్నా నాకే బాగా తెలుసు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం
కండక్టరు దమయంతి డ్యూటీ దిగి వచ్చింది.
"కాలరు బిగించీసినావు మాస్టరూ,
పై గుండీ ఎడితే గుటక దిగనేదు."
ఆ మాటలో చిన్న గరగర,
సైకిలు చైనులో ఇసక పడినట్టు.

ఖాకీ ఉతికితే ముడుచుకుంటుంది, నిజమే.
గుడ్డ ముడుచుకుంటే
చేతులు, భుజాలు, ఛాతీ కలిసే ముడుచుకోవాలి కదా.
ఒక్క మెడ దగ్గరే ముడుచుకునే తానుని
నేనింకా కొయ్యలేదు.

పాత పుస్తకం తీశాను. నూనె మరకల పేజీలు.
ఉద్యోగంలో చేరిన ఏడు ఛాతీ ముప్పయ్యారు, మెడ పదమూడు.
రెండో కాన్పు తర్వాత ముప్పయ్యెనిమిది, మెడ అదే పదమూడు.
నిరుడు పదమూడున్నర.
నేను రాసుకున్నదే, నేనే చూసుకోలేదు.
ఇప్పుడు టేపు వేస్తే
ఛాతీ ఎక్కడిదక్కడే ఉంది.
మెడ పద్నాలుగుంబావు.

"ఒళ్లు సేసినాన్లే" అని నవ్వింది.
ఒళ్లు చేస్తే ఒక్క మెడకే చేస్తుందా అమ్మా?

మా వదిన గొంతు మీద కాయ లేచినప్పుడు
సికాకుళంలో డాక్టరమ్మ చేయించిన పని గుర్తొచ్చింది.
గ్లాసుడు నీళ్లిచ్చి అద్దం ముందు నిలబెట్టాను.
గడ్డం ఎత్తు, తాగు, మింగు.
మెడ గుంటకి కాస్త పైన, కుడి పక్క,
ఉసిరికాయంత ఒకటి
గుటకతో పాటు పైకి లేచి
మళ్లీ దిగింది,
మిషను సూదిలా.

తనూ చూసింది.
గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు.
"నొప్పా?"
"నేదు."
అదే మరి. నొప్పుంటే పోయినేడే పరిగెత్తేది.
నొప్పి లేనిది ఎవరి డ్యూటీనీ ఆపదు.

అప్పుడు ఒక్కొక్కటే బయటపడ్డాయి, బల్ల మీద కూర్చుని.
"కోటబొమ్మాళీ, నర్సన్నపేటా, సికాకుళం" అని
అరిచి అరిచి గొంతు బొంగురు పోయిందనుకుందట.
మూణ్ణెల్లయినా ఆ బొంగురు పోలేదట.
అన్నం ముద్ద అడ్డుపడుతోందని
పొద్దున్నే చోడంబలికి మారిందట.
వెల్లకిలా పడుకుంటే
ఎవరో అరచెయ్యి మెడ మీద వేసినట్టుంటుందట.
నల్లపూసల కొంకిని ఒక కన్ను జార్చి పెట్టుకుందట,
పెళ్లైన పద్దెనిమిదేళ్లకి!

"ఏటంటావు మాస్టరూ?"
నేనేటంటాను. గుడ్డ సంగతి అడుగు, చెప్తాను.
లోపలి సంగతి నా టేపుకి అందదు.
రేపు సెలవు పెట్టు అన్నాను.

సికాకుళంలో చల్లటి జిగురు రాసి బొమ్మ తీశారట.
రక్తం తీశారట. తర్వాత సూది.
"నీ సూది కన్నా సన్నం మాస్టరూ,
బెదిరిపోయినాను గానీ సీమ కుట్టినట్టే."

ఫలితానికి ఎనిమిది రోజులన్నారు.
ఆ ఎనిమిది రోజులూ
మూడు నలభై బస్సు కదిలే వేళకి
నేను మిషను ఆపేసేవాణ్ణి.
ఆ గరగర గొంతు నర్సన్నపేట దాకా పిలిచేది.
కాలు పెడల్ మీదే ఉండేది, తొక్కబుద్ధి కాదు.

తొమ్మిదో రోజు తలుపులోంచే అరిచింది.
"సెడ్డది కాదంట!
ఆర్నెల్లకోపాలి సూపించుకోవాలంట,
పెరిగితే అప్పుడు కోత గురించి సూద్దారంట."
ఇలాంటి కాయలు చాలామటుకు మంచివేనని
డాక్టరమ్మ చెప్పిందట.
చాలామటుకు అంటే అన్నీ కాదు కదా,
అందుకే ఆ సూది.

కాలరు విప్పి ముప్పావు అంగుళం వదిలాను.
కూలి నేను అడగలేదు.
తనూ ఇవ్వలేదు, తప్పు నాదే అన్నట్టు.

ఇప్పుడు కొలతలకి ఎవరొచ్చినా
మెడ చుట్టూ ఒకసారి టేపు తిప్పుతాను.
జాకెట్టుకి మెడ చుట్టుకొలతేమిటని అడుగుతారు.
జవాబు చెప్పను.
ఎండ మండిపోతోంది, కాసిన్ని నీళ్లు తాగండమ్మా అంటాను.
తాగుతుంటే
కళ్లజోడు సర్దుకుంటాను.